గోడలో పంపు

బురుల్చా ఎజె ఆ సోమవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు పోసిన టీ ఒక గిన్నెడు తాగాలి. మేయరు దగ్గరికి వెళ్ళాలి, అక్కడి నుంచి కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాలి. ఇద్దరిలో ఎవరో ఒకరి నోట "ఆ పంపు నాది" అనే మాట రాబట్టి, మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకి బాలబడికి తిరిగొచ్చేయాలి. ఎజె అంటే అక్క. మా ఊరు కొక్-జార్‌లో ఆవిడని పెద్దా చిన్నా అందరూ అలాగే పిలుస్తారు. బాలబడికి పెద్ద పంతులమ్మ అయ్యాక ఆ పిలుపు ఉద్యోగంతో పాటే అతుక్కుపోయింది.

పంపు కథ చెప్పకపోతే ఈ గోల అర్థం కాదు. మా ఊరి బాలబడిని ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టారు. భవనం నగర కార్యాలయానిది. పెరట్లో ఉన్న బాయిలర్ గది జిలూ షెరిక్ అనే కంపెనీది. గోడకి బయటి వైపున్నదంతా కంపెనీ చూసుకోవాలి, లోపలి వైపున్నదంతా నగరం చూసుకోవాలి. ప్రారంభం రోజున రిబ్బను కూడా రెండు కత్తెర్లతో రెండు పక్కల నుంచి కత్తిరించారు. మధ్య ముక్క కింద పడితే ఎవరూ తీయలేదు, అప్పుడే అర్థం చేసుకోవాల్సింది. ఎందుకంటే బాయిలర్ నుంచి గదుల్లోకి వేడినీళ్ళు తోసే పంపుని ఏ మహానుభావుడో సరిగ్గా గోడ మందంలో బిగించాడు. మా చలికి గోడలు మూరెడు మందం ఉంటాయి. ఆ మూరెడులో ఉన్నది ఎవరిదో రాసుకోవడం అందరూ మరిచిపోయారు.

పాపం ఆ పంపు ఒక చలికాలమంతా తను అనాథనని తెలియకుండానే తిరిగింది. రెండో చలికాలం మొదలవగానే ఆగిపోయింది. బాయిలర్ మాత్రం భగభగా మండుతూనే ఉంది. దాన్ని చూసుకునే మనిషి బనీనుతో కూర్చుని చెమట తుడుచుకుంటుంటే, గోడకి ఇవతల పిల్లలు కోట్లు, టోపీలు వేసుకుని గంజి తాగుతున్నారు. వంటమనిషి కెన్‌జెగుల్ తమ్ముడు పైపుల పని తెలిసినవాడే. పానా పట్టుకుని వచ్చాడు కూడా. యజమాని అనుమతి లేకుండా ముట్టుకున్నవాడిదే ఇకపై బాధ్యతంతా అని ఒప్పందంలో ఉందని ఎవరో చెప్పేసరికి పానా సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా ఎలాగో ఈడ్చుకుపోయేదేమో గానీ, పోయిన వారం ఆరోగ్య శాఖ డాక్టరమ్మ వచ్చి గదులు చూసి, ముక్కు చీదుకుని, బుధవారం కల్లా వేడి రాకపోతే తలుపులకి తాళం వేయిస్తానని చెప్పి వెళ్ళింది. ఆ పిల్లల తల్లులందరూ బజారు పక్కన కుట్టుశాలలో పనిచేస్తారు. అక్కడ ఒకరి మిషను ఖాళీ అయితే సాయంత్రానికల్లా ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. అందుకే ఎజెకి వారం రోజులుగా నిద్ర లేదు.

మేయరు సాగిన్‌బెక్ ఆవిడని చూడగానే టీ పోయించబోయాడు.

"టీ తాగే వచ్చాను బైకె," అంది ఎజె. అన్నగారిని పిలిచినట్టే మర్యాదగా పిలిచింది, ఇంకా కోపం రాలేదు కాబట్టి. "పంపు సంగతి తేల్చండి."

"పంపు కంపెనీది కదా."

"వాళ్ళు మీదంటున్నారు."

"అంటారు, వాళ్ళదేం పోయింది? గోడ మాది. అది నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను. గోడకేమైనా అయిందా చెప్పండి, ఈ క్షణంలో మనుషుల్ని పంపిస్తాను."

"గోడ నిక్షేపంలా ఉంది."

"చూశారా," అన్నాడు మేయరు తృప్తిగా. "మా వైపు నుంచి లోటు లేదు."

కంపెనీ మేనేజరు ఎల్దియార్ రాజధాని కుర్రాడు. మంచులో కూడా మొనదేలిన బూట్లే వేసుకుంటాడు. ఎజెకి కుర్చీ వేసి, తను నిలబడే మాట్లాడాడు. మర్యాదకి ఏం తక్కువ లేదు.

"వేడి పుట్టించడం మా పని ఎజె, పుట్టిస్తున్నాం. నమ్మకం లేకపోతే బాయిలర్ గదికి రండి, కోటు విప్పుకోవాల్సి వస్తుంది."

"అయితే పిల్లల్ని తీసుకొచ్చి అక్కడే పడుకోబెట్టనా?"

"వద్దు, అక్కడికి పిల్లలు రాకూడదు. ఒప్పందంలో ఉంది. మీకు ఇబ్బంది ఉంటే ఉమ్మడి పర్యవేక్షణ సంఘం ఉందిగా, అక్కడ చెప్పుకోండి."

"ఆ సంఘానికి అధ్యక్షుడెవరు?"

"ఒక ఏడాది వాళ్ళ మనిషి, ఒక ఏడాది మా మనిషి."

"ఈ ఏడాది?"

"అదే తేలాలి. సంఘం కూర్చుంటే తేలుతుంది."

"సంఘాన్ని కూర్చోబెట్టేది ఎవరు నాయనా?"

"అధ్యక్షుడే," అన్నాడు ఎల్దియార్, ఇందులో తెలియకపోవడానికేముంది అన్నట్టు.

ఎజె తల పట్టుకుని బయటికొచ్చింది. పిల్లలకి జవాబుదారీ ఎవరంటే తనొక్కతే. పంపుకి, గోడకి, బాయిలర్‌కి, సంఘానికి ఎవరూ లేరు. ఇలాంటి ఏర్పాటు కనిపెట్టడానికి ఎంత బుర్ర కావాలో అనుకుంటూ బస్సుకోసం నిలబడింది.

సరిగ్గా అదే సమయానికి బాలబడిలో కెన్‌జెగుల్ బూర్సోక్ వేయిస్తోంది. చలికి వణికే పిల్లలకి నూనెలో దేవిన పిండిముక్కలకంటే మంచి మందు ఏముంది? వేయించినవి వేయించినట్టు పెద్ద పళ్ళేల్లో పోసి, పిల్లల చేతులకి అందకుండా ఎజె గదిలో, వేడినీళ్ళు పారితే గదిని వెచ్చబెట్టే ఇనప రేడియేటరు మీద పెట్టి, గుడ్డ కప్పింది. పిల్లల్ని కూర్చోబెట్టాక పళ్ళేలు తీసుకుపోయింది. ఆ తర్వాత కాపలాదారు అసనాలీ తాత గోడగడియారానికి కీ ఇవ్వడానికి ఆ గదిలోకి వచ్చాడు. వచ్చినవాడు అలవాటుకొద్దీ రేడియేటరు మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

ఇంకో దేశంలో అయితే ఆ ముసలాయన రెండో రేడియేటరు కూడా ముట్టుకుని చూసేవాడేమో. మా దగ్గర అలా కుదరదు. శుభవార్త ఎవరు మొదట చెబితే వాళ్ళకి విన్నవాళ్ళు ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. వార్త నోట్లోంచి రాకముందే "సుయుంచు" అని అడిగి పుచ్చుకోవాలి. రెండోవాడికి వట్టి చేతులే. అందుకని శుభవార్త చేతిలో పడ్డవాడు నిజమా కాదా అని చూడడు, పరిగెత్తుతాడు. అసనాలీ తాత కెన్‌జెగుల్ పక్క నుంచే వెళ్ళాడు, చెప్పలేదు. ఆవిడిస్తే గిస్తే ఒక బూర్సోక్ ఇస్తుంది. తిన్నగా మేయరు దగ్గరికే పోయాడు.

"సుయుంచు సాగిన్‌బెక్, సుయుంచు. బాలబడి వేడెక్కింది."

వారం రోజులుగా నెత్తి మీద కూర్చున్న గొడవ దిగిపోయిందంటే మేయరుకి ఇంకేం కావాలి? నెత్తి మీదున్న నక్కతోలు టోపీ తీసి తాత తల మీద పెట్టాడు. మరుక్షణం ఫోను అందుకున్నాడు, కంపెనీవాడు ముందు చెప్పేస్తాడేమోనని భయం. ఉప గవర్నరుకి ఫోను కలవగానే "సుయుంచు" అన్నాడు. ఈ భాగస్వామ్యాల మీద రాజధానిలో ఒకటే తిట్లు పడుతున్నాయని, బాగా నడిచేది ఒక్కటైనా చూపించమని ఉప గవర్నరుని పైవాళ్ళు పీక్కుతింటున్నారు. ఆయన పొంగిపోయి, రేపు పది గంటలకి టీవీ వాళ్ళతో వస్తున్నానన్నాడు. మేయరుగారి గుమస్తా చెల్లెలు జిలూ షెరిక్‌లో పనిచేస్తుంది. కాబట్టి ఆ ఫోను పెట్టేలోపే ఎల్దియార్ తన పెద్దలకి ఫోను చేసి, మనం బాగుచేశాం అని చెప్పేశాడు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ పంపుని ఇద్దరు బాగుచేసేశారు.

ఇక బురుల్చా ఎజె సంగతి. బస్సు దిగగానే రొట్టెలమ్మే ఆవిడ ఎదురొచ్చి సుయుంచు అడిగింది. ఎజె అయోమయంగా సంచీలోంచి ఒక టీ పొట్లం తీసి ఇచ్చింది. ఈలోగా మేయరే ఫోను చేసి, "సుయుంచు ఎజె, బాకీ పడ్డారు నాకు," అన్నాడు. వీధి మలుపులో కుట్టుశాల నుంచి నజీరా పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్లకి మొగుడు లేడు, నాలుగేళ్ళ కొడుకు బాలబడిలో ఉన్నాడు. కళ్ళ నీళ్ళతో ఎజెని కావలించుకుని, "ఇంక నా మిషను నాకే ఉంటుంది ఎజె," అంది. ఎజె మెడలోంచి ఉన్ని శాలువా తీసి ఆ పిల్లకి చుట్టింది. సొంత బాలబడి వేడెక్కిందన్న వార్త ఊరందరి తర్వాత ఆవిడకి తెలిసింది, అయినా సుయుంచులన్నీ ఆవిడే ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇచ్చినందుకు బాధ లేదు. ఆ మలుపు నుంచి బాలబడి దాకా చేతి తొడుగులు తీసేసి మరీ నడిచింది.

లోపలికి అడుగుపెడితే పిల్లలు కోట్లతోనే ఉన్నారు. మాట్లాడుతుంటే నోళ్ళలోంచి ఆవిరి వస్తోంది. ఎజె ఒక రేడియేటరు ముట్టుకుంది, ఇంకోటి ముట్టుకుంది, అన్నీ ముట్టుకుంది. మంచుగడ్డలే. గుమ్మంలో అసనాలీ తాత నక్కతోలు టోపీ పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"తాతా, వేడి వచ్చిందని నీకెవరు చెప్పారు?"

"నా చెయ్యి చెప్పింది. నీ గదిలో ముట్టుకున్నాను."

కెన్‌జెగుల్ వంటగదిలోంచి తల బయటపెట్టింది. "ఎజె గదిలోదా? దాని మీద బూర్సోక్ పళ్ళేలు పెట్టింది నేనే కదా తాతా."

తాత టోపీని కొంచెం కిందికి లాక్కున్నాడు.

"వెళ్ళి ఆ టోపీ తిరిగిచ్చేసిరా," అంది ఎజె.

"సుయుంచు వెనక్కిస్తే వార్త వెనక్కి పోతుందమ్మా, అరిష్టం."

"అసలు వార్తే లేదు కదా."

"అయితే మరీ అరిష్టం," అన్నాడు తాత.

ఎజె శాలువా పోయింది, పొద్దంతా పోయింది, ఇప్పుడు నజీరాకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఒళ్ళు మండిపోయి మేయరుకి ఫోను చేసి ఉన్నమాట చెప్పేసింది. అరగంటలో మేయరు, ఎల్దియార్ ఒకే కారులో వచ్చి దిగారు. ఇద్దరికీ మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"ఉప గవర్నరుకి చెప్పేశాను ఎజె," అన్నాడు మేయరు. "ఆయన మంత్రికి చెప్పేశాడు. ఇప్పుడు కాదంటే నా కుర్చీ పోతుంది."

"నా ఉద్యోగం కూడా," అన్నాడు ఎల్దియార్.

"అయితే ఈ సాయంత్రమే పంపు బాగుచేయించండి. గొడవ వదిలిపోతుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "బాగుచేయిస్తే మాదని ఒప్పుకున్నట్టవుతుంది," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మరి రేపు టీవీ ముందు మీరే చేశామని చెబుతారుగా?"

"అది ఉపన్యాసం కదా ఎజె," అన్నాడు మేయరు నొచ్చుకున్నట్టు. "ఉపన్యాసానికీ పంపుకీ ఏం సంబంధం?"

చివరికి ఆ ఇద్దరి బుర్రలకి తట్టిన మార్గం బూర్సోక్. ఒక పళ్ళెం ఒక రేడియేటరుని వేడిచేసినప్పుడు, అన్ని పళ్ళేలు అన్ని రేడియేటర్లనీ చేయవా? పిండి నగర కార్యాలయం ఇస్తుంది, నూనె కంపెనీ ఇస్తుంది, వేయించేది కెన్‌జెగుల్. భాగస్వామ్యం మొదలైనప్పటి నుంచి ఆ ఇద్దరూ కలిసి ఒక పనికి పూనుకోవడం అదే మొదటిసారి. పిల్లలకి కోట్లు విప్పి జరీ బట్టలు వేయమని మేయరు అడిగాడు.

"కోట్లు తీయను," అంది ఎజె.

"కెమెరాలో బాగుండదు ఎజె."

"పిల్లలు జ్వరాలతో పడుకుంటే ఇంకా బాగుండదు. మీరు కావాలంటే మీ కోటు విప్పండి."

ఇప్పుడే ఆటల నుంచి వచ్చారని చెబుదామని ఒప్పందానికొచ్చారు. మిగతా దానికంతా ఎజె "సరే" అంది. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందా అని కెన్‌జెగుల్‌కి అనుమానం వచ్చింది గానీ, మూకుడు దగ్గర తీరిక లేక అడగలేదు.

మంగళవారం పది గంటలన్న ఉప గవర్నరు పదకొండున్నరకి వచ్చాడు. అప్పటికి కెన్‌జెగుల్ పళ్ళేలు చల్లారడం, మళ్ళీ వేయించడం, మళ్ళీ చల్లారడం అయి, ఆవిడ నోటికి ఎవరూ ఎదురుపడే స్థితిలో లేరు. కారు మలుపు తిరగగానే అసనాలీ తాత చెయ్యి ఊపాడు, పళ్ళేలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఉప గవర్నరు లోపలికొచ్చి కెమెరా ముందు రేడియేటరు మీద చెయ్యి వేసి తల ఊపాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని బూర్సోక్ ఒకటి నోట్లో వేసుకున్నాడు. బాలబడిని వెచ్చబెట్టిన ఏర్పాటు మొత్తం ఆ పళ్ళెంలోనే ఉందని ఆయనకి తెలియదు.

"చాలా బాగుంది," అన్నాడు. దేని గురించో ఎవరూ అడగలేదు.

అప్పుడు ఎజె లేచి నిలబడింది. "ఒక చిన్న సందేహం ఉందండీ. పిల్లల తల్లులు దండం పెట్టుకుంటాం, ఎవరికి పెట్టాలో చెప్పమంటున్నారు. ఈ పంపు ఎవరిదో పెద్దవాళ్ళు నాలుగు ముక్కల్లో చెబితే బాగుంటుంది."

మేయరు గొంతు సవరించుకున్నాడు. ఆ పంపు కొక్-జార్ నగరపు సొత్తని, నగర గోడలో ఉన్నది నగరానిది కాక ఇంకెవరిదవుతుందని, దాని మంచి చెడ్డలు మొదటినుంచీ తన నెత్తినే ఉన్నాయని చెప్పాడు. ఎల్దియార్‌కి అది మింగుడుపడలేదు. వాళ్ళ పెద్దలు కూడా టీవీ చూస్తారు. ఆ పంపు కొన్నది, తెచ్చింది, బిగించింది, ఈనాటికీ కంటికి రెప్పలా కాపాడుతున్నది జిలూ షెరిక్ అన్నాడు. మేయరు మళ్ళీ లేచాడు. ఎల్దియార్ కూర్చోనేలేదు. "ఇంకొంచెం వివరంగా చెప్పండి, తల్లులకి అర్థమయ్యేలా," అంటూ ఎజె మధ్యలో ఎగదోస్తూనే ఉంది. జవాబుదారీ అన్న మాట ఆ గదిలో దొర్లిపోతోంది. ఇద్దరూ ఎవరికి వారే ఆ బరువంతా మోస్తామని పోట్లాడుకుంటుంటే, నిన్న ఇదే మనుషుల గుమ్మాలు ఎక్కి దిగిన ఎజె చేతులు కట్టుకుని వింది.

వింటూ ఉండగా మేయరు మాటలతో పాటు నోట్లోంచి ఆవిరి రావడం మొదలైంది. ముందు వరసలో నజీరా కొడుకు ముక్కు ఎగబీల్చి, "బూర్సోక్ మళ్ళీ ఎప్పుడు పెడతారు, చలేస్తోంది," అన్నాడు. ఉప గవర్నరు వాడి వంక చూశాడు. లేచి వెళ్ళి రేడియేటరు మీద చెయ్యి వేశాడు, వెంటనే తీసేశాడు.

"ఇదేంటి? చల్లగా ఉంది."

మేయరు ఎల్దియార్ వైపు చూశాడు. ఎల్దియార్ గోడ వైపు చూశాడు. కెమెరా ఇద్దరి వైపూ చూస్తోంది.

"సుయుంచు, ఉప గవర్నరుగారూ," అంది ఎజె.

ఆయన నివ్వెరపోయాడు. కానీ ఆ మాట చెవిన పడ్డాక మా వాళ్ళెవరూ కాదనలేరు, అందులోనూ టీవీ ముందు. "చెప్పండి, ఏంటి శుభవార్త?"

"మా పంపుకి యజమాని దొరికాడు. ఆగిపోయిన నాటి నుంచి వెతుకుతున్నాను, ఇవాళ ఒకడు కాదు, ఇద్దరు దొరికారు. మీరూ విన్నారు, ఊరంతా రాత్రి టీవీలో వింటుంది."

"ఆగిపోయిందా? మరి ఏం కావాలి మీకు?"

"ఎవరి వస్తువు వాళ్ళు బాగుచేసుకోవాలి, అంతే. రేపు తాళం పడేలోపు."

ఉప గవర్నరు ఇద్దరి వైపూ తిరిగాడు. మణికట్టు మీది గడియారాన్ని వేలితో తట్టి చూపించాడు.

సాయంత్రానికి నగర కార్యాలయం వాను ఒకటి, కంపెనీ వాను ఒకటి వచ్చి గేటు దగ్గర గుద్దుకున్నంత పనయింది. ఒక్కోదాంట్లో ఒక్కో మెకానిక్కు, ఒక్కో కొత్త పంపు. మాది బిగించాలంటే మాది బిగించాలని పోట్లాట. ఎజె బయటికొచ్చి, ఎవరిది ముందు లోపలికొస్తే వాళ్ళదే అనేసరికి ఏదో ఒకటి గోడలోకి ఎక్కింది. ఎవరిదెక్కిందో ఆ తోపులాటలో ఎవరూ చూసుకోలేదు. బుధవారం పొద్దున డాక్టరమ్మ తాళంకప్పతో వచ్చి, గుమ్మంలోనే కోటు విప్పి, ఒక బూర్సోక్ తిని వెళ్ళిపోయింది. అసనాలీ తాత ఈసారి రేడియేటరుకి రెండు చేతులూ, చెంపా ఆనించి చూసుకున్నాకే మేయరు దగ్గరికి పరిగెత్తాడు. బట్టతలతో కూర్చున్న మేయరు ఆయన టోపీ వంక చూసి తలుపు వేసుకున్నాడు. నజీరా మధ్యాహ్నం వచ్చి శాలువా తిరిగివ్వబోయింది. అరిష్టం అని ఎజె పుచ్చుకోలేదు.

మిగిలిపోయిన పంపు ఇప్పటికీ బాలబడి వసారాలో ఉంది, పిల్లలు దానికి టోపీలు తగిలిస్తుంటారు. తీసుకెళ్ళండయ్యా అంటే అది కంపెనీదని మేయరు, నగరానిదని ఎల్దియార్. ఉమ్మడి పర్యవేక్షణ సంఘం కూర్చుని తేలుస్తుందట, దాని అధ్యక్షుడెవరో తేలగానే.